బాపు దర్జీ అయిన పూట

అమ్మ కుట్టుమిషన్ జప్తు కాకుండా ఆగింది మా బాపు తెలివితోనే అని మా తమ్ముళ్లు ఇప్పటికీ ప్రతి పెళ్లి పందిట్లో చెబుతారు. విన్నవాళ్లు కడుపు పట్టుకుని నవ్వుతారు. నేను నవ్వను. ఆ రోజు ఇంట్లో ఉన్నది నేను. వాళ్లలో ఒకడు ఉయ్యాలలో ఉన్నాడు, రెండోవాడు అసలు పుట్టనే లేదు.

నిజాం కాలపు హాలీ సిక్కా రూపాయల చెలామణీ ఇంకా పోని రోజులు. చిట్యాల దగ్గర మా ఊళ్లో బాపు బావి కోసం అప్పు చేశాడు. నీళ్లు పడలేదు. షావుకారు నల్లగొండ కోర్టుకెక్కితే, నెలనెలా కిస్తీ కట్టమని తీర్పయింది. బాపు మొదటిది కట్టాడు. రెండోది కట్టడానికి పోయి, కోర్టు మెట్ల మీద తనలాగే అప్పులపాలై కిస్తీ తప్పినాయన ఒకడు ఏడుస్తుంటే ఆ రూపాయలు అతని చేతిలో పెట్టి వచ్చాడు. దీన్ని మావాళ్లు దయ అంటారు. ఆ మనిషి మళ్లీ కనపడలేదని మాత్రం చెప్పరు. ఆ తర్వాత బాపు నల్లగొండ ముఖమే చూడలేదు.

షావుకారు గుమాస్తా వసూలుకొచ్చి మా అరుగు మీద కూర్చునేవాడు. బాపు పెరటి దారిన మాయమయ్యేవాడు. గుమాస్తా అమ్మ చేత చాయ్ పెట్టించుకుని, చినిగిన అంగీ కుట్టించుకుని, కూలి ఇవ్వకుండా లేచిపోయేవాడు. చివరికి కోర్టు అమీన్ జప్తుకు వస్తున్నాడని కబురొచ్చింది. అమ్మ మిషన్ మీద చెయ్యి వేసి అట్లాగే నిలబడింది. నా పురిటికి అమ్మమ్మ ఇచ్చిన బర్రెను అమ్ముకుని కొన్న మిషన్ అది. నీళ్లు లేని బావి మమ్మల్ని ముంచాక మా పొయ్యి వెలిగించింది అదే.

కోర్టుల చుట్టూ తిరిగి సగం వకీలైన మా మేనమామ ఒక మాట చెప్పాడు: అప్పుపడ్డవాడు బతకడానికి వాడే పనిముట్టును జప్తు చేయరట. అప్పు బాపుది. కాబట్టి బాపు దర్జీ కావాలి.

అమీన్ సాబు గుమాస్తాను వెంటబెట్టుకుని వచ్చేసరికి బాపు మెడలో టేపు వేసుకుని మిషన్ ముందు కూర్చున్నాడు. అమ్మ తలుపు చాటున ఉంది. నలుగురిలో బాపుతో నేరుగా మాట్లాడేది కాదు, నన్ను మధ్యన పెట్టేది.

"బిడ్డా, ఎన్కకు తొక్కుతున్నడు. ముందటికి తొక్కమను."

అమీన్ సాబు తన కోటు విప్పి, చంక కింద పిగిలింది, కుట్టమన్నాడు. బాపు ఎంతో శ్రద్ధగా చంక వదిలేసి చేతి మూతి కుట్టేశాడు. ఆయన తొడుక్కోబోతే చెయ్యి సగంలో ఆగింది.

"పట్నంల ఇప్పుడు గిదే ఫ్యాషన్, సాబ్," అన్నాడు బాపు.

"ఫ్యాషన్ మంచిగనే ఉంది. చెయ్యి ఏడికెళ్లి బయటికి రావాలె?"

అమ్మ ఇవతలికొచ్చింది. కోటు లాక్కుంది, కుట్టు విప్పింది, చంక కుట్టి ఇచ్చింది.

ఇదే సందని గుమాస్తా లేచాడు. "చూసిన్రా సాబ్, కుట్టేది గామె! ఈన గాదు!"

అమీన్ సాబు అతని భుజం మీది కుట్టు వైపు చూశాడు. "నీ అంగీ ఎవలు కుట్టిన్రు?"

గుమాస్తా కూర్చున్నాడు. అమీన్ సాబు మిషన్ వదిలేసి, నడవని గోడగడియారాన్నీ నడిచే సైకిల్నీ జప్తు రాసుకుని వెళ్లిపోయాడు. ఆ తర్వాత బాపు ఎక్కడికైనా కాలినడకనే. దీన్నే తెలివి అంటున్నారు మా తమ్ముళ్లు.

కాలేజీలో ఉండగా ఈ కథను నా స్నేహితురాలి తండ్రికి చెప్పాను. ఆయన వకీలు. అంతా విని, మరి ఈ నాటకమెందుకు, పెళ్లాం తన సొమ్ముతో కొనుక్కున్నదాన్ని మొగుడి అప్పుకు ఎట్లా జప్తు చేస్తారు, అది ఆమెదని చెబితే సరిపోయేది కదా అన్నాడు.

ఇంటికొచ్చే దారంతా లెక్క వేసుకున్నాను.

మేనమామకు చట్టం తెలుసు. బాపుకు బర్రె సంగతి తెలుసు. అమ్మకు రెండూ తెలుసు, అక్కడే నిలబడి ఉంది. చేతకాని మనిషిని దర్జీని చేయడానికి తెల్లారి నుంచి తంటాలు పడ్డారే, "ఈ మిషన్ ఆమెది" అన్న ఒక్క మాట ఆ ఇంట్లో ఒక్కరి నోటికైనా ఎందుకు రాలేదు?