బొమ్మకి బొట్టెందుకు

ఫోనులో ఆడుకునే ఆటలో నా బొమ్మకి ఎర్రబొట్టు పెట్టానని మా ఇంట్లో పంచాయితీ జరిగింది. నవ్వులాటకి చెప్పడం లేదు. మా ఆయన అన్నగారు, అంటే మా బావగారు, పనిగట్టుకుని నా మిరప కల్లం దాకా వచ్చి, బండికి స్టాండు వేసి, పట్టా మీద కూర్చుని మరీ మాట్లాడారు. ఊళ్ళో నలుగురి తగవులూ తీర్చే మనిషి ఆయన. ఆ రోజు తగవు ఒక బొమ్మతో పడింది.

మొదటినుంచీ చెబుతాను. మాది ప్రత్తిపాడుకి దగ్గరలో ఒక పల్లె. మా ఆయన గుండెపోటుతో పోయాక పొలం కౌలుకిచ్చెయ్యమని అందరూ అన్నారు. నేనివ్వలేదు. డిగ్రీ చదివాను, పైగా మొండిదాన్ని. మిరపనారు పోయించాను, మందులు కొట్టించాను, కాయ కోయించాను, ఎండిన కాయలు గోనె టిక్కీల్లో తొక్కించి గుంటూరు యార్డుకి తోలించాను. అదంతా చూసి మెచ్చుకున్నవాళ్ళే గానీ తప్పు పట్టినవాళ్ళు లేరు. బొట్టు దగ్గరికొచ్చేసరికి మాత్రం అందరికీ శాస్త్రాలు గుర్తొచ్చాయి. మొదటి ఏడాది అసలు వద్దన్నారు. ఆ తర్వాత, కాలం మారింది కదా, నల్ల స్టిక్కరు చిన్నది పెట్టుకోవచ్చన్నారు. నల్లదైతే పర్వాలేదట. ఎవరు ఎప్పుడు తీర్మానించారో నాకు తెలియదు. ఆ ఆవగింజంత చుక్కకి ఒప్పుకుని తాము చాలా పెద్ద మనసు చేసుకున్నామని మావాళ్ళ నమ్మకం.

కల్లంలో కాయలు ఆరబోశాక ఎవరో ఒకరు కాపలా ఉండాలి. మబ్బు పడితే పరుగెత్తి పట్టాలు కప్పాలి, లేకపోతే పందిరి కింద కూర్చుని ఘాటు పీలుస్తూ తుమ్ముకోవాలి. మా అమ్మాయి తొమ్మిదో తరగతి. ఒంటిపూట బడి అయ్యాక నాకు అన్నం క్యారేజీ తెచ్చేది. ఒకరోజు, "ఊరికే కూర్చుంటే నీకు తోచదు గదమ్మా" అని నా ఫోనులో ఆ ఆట ఎక్కించింది. ఆన్‌లైన్లో ఎక్కడెక్కడివాళ్ళో కలిసి ఆడే ఆట అది. అడవులు, పాడుబడిన కోటలు, వాటిలో రాక్షసులు. ఆడే ప్రతివాళ్ళకీ ఒక బొమ్మ ఉంటుంది. దాని ముఖం, ఒళ్ళు, బట్టలు, దానికి వచ్చే విద్యలు అన్నీ మనమే ఎంచుకోవాలి. మా బావగారబ్బాయి గుంటూరులో ఇంజనీరింగ్ చదువుతూ, ఊరి కుర్రాళ్ళందరినీ పోగేసి అందులో ఒక జట్టు పెట్టాడు. మా అమ్మాయి కూడా ఆ జట్టులోనే ఆడుతుంది.

నేను అన్నం తిని చెయ్యి కడుక్కుని వచ్చేసరికి మా అమ్మాయి నాకో బొమ్మ తయారుచేసి పెట్టింది.

"అచ్చం నీలాగే చేశానమ్మా" అంది సంబరంగా.

చూశాను. బూడిదరంగు గౌను. వాలిన భుజాలు. బిగించి కట్టిన ముడి. నుదుటి మధ్య ఒక నల్ల చుక్క. ఏ పని చేసే మనిషో ఎంచుకునే చోట హీలర్ అని ఉంది. అంటే ఆ బొమ్మ అందరికంటే వెనకాల నిలబడి, ముందు కొట్లాడేవాళ్ళకి దెబ్బ తగిలినప్పుడల్లా చెయ్యెత్తి వాళ్ళకి మళ్ళీ ప్రాణం పోస్తుందన్నమాట. తను మాత్రం ఎవరినీ కొట్టదు.

"అన్న ఇదే తీసుకోమన్నాడు. పిన్నికైతే ఇది కరెక్టుగా సరిపోద్ది అన్నాడు."

పిల్లని అనడానికేం లేదు. ఇంట్లో రోజూ ఏం చూస్తోందో అదే దించింది. కానీ నాకు ఒళ్ళు మండిపోయింది. నా కూతురి కళ్ళకి నేను ఇలాగా కనపడుతున్నాను అనుకుంటే ఏడుపొచ్చింది. ఏడుపొచ్చినందుకు ఇంకా కోపం వచ్చింది.

"ఇది తీసెయ్యడం ఎట్టాగో చెప్పు" అన్నాను.

"బాలేదా అమ్మా?"

"బానే ఉంది. నాది నేను చేసుకుంటా."

ఆ మధ్యాహ్నమంతా అదే పని. ఒంటి రంగుకి ఒక గీత ఉంది, దాని మీద వేలు పెట్టి జరిపితే పాలతెలుపు నుంచి కారునలుపు దాకా పోతుంది. పొలం ఎండలో తిరిగే నా రంగు దగ్గర ఆపాను. భుజాలు వెడల్పు చేశాను. ఆటలో నడుము పిడికెడు చేసి చూపించారు, అది నాకు నచ్చలేదు. మూట ఎత్తి నెత్తిన పెట్టుకోగలిగిన నడుము పెట్టాను. ముక్కు కాస్త లావుగా, నా ముక్కులాగే ఉంచాను. చీర లేదు, ఉంటే కట్టేదాన్నే. ఎర్ర కవచం దొరికింది, తొడిగాను. బొట్టు కూడా లేదు. ఆ ఆట చేసినవాళ్ళది ఏ దేశమో, వాళ్ళకి బొట్టు సంగతి తెలిసినట్టు లేదు. యుద్ధానికి పోయేవాళ్ళు ముఖానికి పూసుకునే రంగులు మాత్రం బోలెడున్నాయి. వాటిలో బుగ్గ మీద దిద్దే గుండ్రటి మచ్చ ఒకటి కనపడింది. దాన్ని జరుపుకుంటూ జరుపుకుంటూ నుదుటి మధ్యకి తెచ్చాను. ఎరుపు చేశాను. సైజు పెంచుకుంటూ పోయాను.

"చాలమ్మా, రూపాయి బిళ్ళంత అయింది" అంది మా అమ్మాయి.

ఇంకొంచెం పెంచాను.

హీలర్ బదులు డాలు పట్టే మనిషిని తీసుకున్నాను. తర్వాత విద్యలకి పాయింట్లు పంచాలి. ఒకసారి పంచితే వెనక్కి తీసుకోవడం తేలిక కాదు, ఆలోచించుకోమని ఆటే హెచ్చరించింది. అక్కడున్న విద్యల్లో ఒకదాని మీద నా మనసు పడింది. కుర్రాళ్ళు దాన్ని టాంట్ అంటారు. మన బొమ్మ డాలు మీద కత్తితో కొట్టి ఒక్క అరుపు అరుస్తుంది. అంతే, చుట్టూ ఉన్న రాక్షసులంతా మిగతావాళ్ళని వదిలేసి మన మీదకే వస్తారు. నా పాయింట్లలో ముప్పాతిక వంతు దానికే పెట్టాను.

మా బావగారబ్బాయికి తెలిసి ఫోను చేశాడు. "పిన్నీ, ఏంది నువ్వు చేసింది? దెబ్బలన్నీ నీకే పడతయ్. హీలరైతే వెనకాల సేఫ్‌గా ఉండేదానివి."

"వెనకాల ఉండీ ఉండీ విసుగొచ్చిందిరా" అన్నాను.

మొదట్లో వాడి మాటే నిజమైంది. కోట గుమ్మంలో అడుగు పెట్టడం, అరవడం, అందరూ మీద పడడం, నేను చావడం. ఊరి కుర్రాళ్ళు ఒకటే నవ్వు. "అత్తా, నువ్వు కల్లానికి పో, కాకులొస్తన్నయ్" అని ఒకడు. చస్తూ చస్తూనే నేర్చుకున్నాను, ఎప్పుడు డాలు ఎత్తాలో, ఎంతసేపు అలాగే నిలబడాలో. కాయలు ఎండి, తొడిమలు తీయించే రోజులకల్లా మావాడు మాట మార్చాడు. "పిన్ని వచ్చిందాకా ఎవరూ లోపలికి పోబాకండి" అనడం నా చెవులతో నేను విన్నాను. రాక్షసులు నా చుట్టూ మూగి కొడుతుంటే, నా వెనకాల మా అమ్మాయి బొమ్మ నిబ్బరంగా బాణాలు వేసుకునేది. నాకది ఎంత బాగుండేదో చెప్పలేను.

ఆ వేసవిలోనే మా అమ్మాయికి ఓణీల ఫంక్షన్ పెట్టుకున్నాం. పిల్లకి మొదటిసారి ఓణీ వేసి, పీట మీద కూర్చోబెట్టి, ముత్తైదువలు బొట్టు పెట్టి దీవించే వేడుక. ఏర్పాట్లు మాట్లాడదామని అందరం మా వసారాలో కూర్చున్నాం. మా తోటికోడలు, అంటే బావగారి భార్య, పనులు పంచుతోంది. పిల్లకి మొదటి బొట్టు తను పెడుతుందట. పీట దగ్గర తనూ, బావగారూ ఉంటారట.

"నువ్వు లోపల వంటవాళ్ళ సంగతి చూసుకో" అంది నాతో.

"నా కూతురికి మొదటి బొట్టు నేను పెడతాను" అన్నాను.

మా అమ్మాయి తల వంచుకుని గోళ్ళు చూసుకుంటోంది. మా అత్తయ్య అందుకుంది. ఆవిడకి భర్త పోయి చాలా కాలమైంది. నల్ల స్టిక్కరు కూడా ఎన్నడూ పెట్టుకుని ఎరగదు.

"నీ పెళ్ళప్పుడు నేనేడున్నానే?" అంది. "నా కొడుకు పీటల మీద కూర్చుంటే ఎనక గదిలో తలుపేసుకుని కూర్చోలా? మేళం ఇనపడతంటే గోడకానుకుని ఏడవలా? నేను చేశా. నువ్వెందుకు చెయ్యవు?"

ఆ మాటకి నా గుండె కలుక్కుమంది. పెళ్ళిలో ఆవిడ ఎక్కడుందని నేనసలు చూసుకోనేలేదు. అయినా తగ్గలేదు. "అందుకే చెయ్యనంటున్నా అత్తయ్యా" అన్నాను. ఆవిడ లేచి లోపలికి పోయింది. ఫంక్షన్ రోజు దాకా నాతో మాట్లాడలేదు.

బావగారు కల్లానికి వచ్చింది ఆ మర్నాడే. వాళ్ళబ్బాయి ఫోనులో నా బొమ్మని చూశారట. నాకు ఈ పిచ్చంతా అక్కడే మొదలైందని తేల్చుకున్నారు.

"అమ్మాయ్, ఆ ఫోనులో బొమ్మకి బొట్టెందుకమ్మా?"

"బావుంటదని పెట్టానండీ."

"అది నువ్వేనని ఊళ్ళో కుర్రాళ్ళందరికీ తెలుసు. బాగోదు, తీసెయ్. కావాలంటే నల్లది పెట్టుకో."

బొమ్మకి కూడా నల్లదే! నాకు నవ్వూ కోపమూ ఒకేసారి తన్నుకొచ్చాయి.

"దానికింకా పెళ్ళే కాలేదు బావగారూ. మొగుడు పోవడం ఎక్కడండీ?"

అవతల కాయలకి తొడిమలు తీస్తున్న ఆడవాళ్ళు అటు తిరిగి కొంగులు నోట్లో కుక్కుకున్నారు. బావగారి ముఖం ఎర్రబడింది.

"ఎకసెక్కాలొద్దు. ఇది పిల్ల శుభం. రేపు నువ్వు పీట దగ్గరికొస్తే మేం ఎవ్వరం అక్షింతలెయ్యం. మా అమ్మ కూడా ఎయ్యదు. ఇంటిపెద్దల దీవెన లేకుండా చేసుకుంటావా? ఆలోచించుకో."

అది మామూలు బెదిరింపు కాదు. తండ్రి లేని పిల్ల. పెదనాన్న, నాయనమ్మ చెయ్యెత్తి దీవించకపోతే రేపు ఊరంతా ఆ పిల్ల నుదుటి రాత గురించే మాట్లాడుకుంటారు. ఏ చిన్న కష్టం వచ్చినా నా చేతి బొట్టు వల్లే అంటారు. ఆ సాయంత్రం ఇంటికొచ్చి మా అమ్మాయినే అడిగాను, నీకు భయంగా ఉందా అని.

"ఉంది" అంది. నా చెయ్యి పట్టుకుని, "అయినా నువ్వే పెట్టమ్మా" అంది.

ఇంకెవరినీ అడగలేదు.

ఫంక్షన్ రోజు పొద్దున్నే ఇంటి ముందు షామియానా వేశారు. మా అన్నయ్య మేనమామ హోదాలో ఓణీ తెచ్చాడు. పిల్లని పీట మీద కూర్చోబెట్టారు. నేను గదిలో అద్దం ముందు నిలబడి నల్ల స్టిక్కరు పీకేశాను. కుంకుమ తీసుకుని పెద్దగా, గుండ్రంగా పెట్టుకున్నాను. మా ఆయన కొన్న ఎర్రంచు పట్టుచీర కట్టుకుని బయటికొచ్చాను. వెనక గది గుమ్మంలో మా అత్తయ్య కూర్చుని ఉంది. నా ముఖం చూసి తల తిప్పుకుంది.

షామియానాలో అడుగు పెట్టగానే మా తోటికోడలు అడ్డమొచ్చింది. "సిగ్గులేదా నీకు? కన్నకూతురి బాగు కోరేదానివైతే లోపలికి పో" అంది. ఇంకెవరో "మొగుడు పోయినదానికి ఇంత బొట్టా" అన్నారు. ఇంకెవరో నా చదువుని తిట్టారు. తలా ఒక మాట. తిట్టినవాళ్ళంతా నన్నే తిట్టారు. పిల్లని ఎవరూ ఒక్క మాట అనలేదు, నాకు కావలసిందీ అదే. బావగారు గుంజ పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డారు.

"తప్పుకోక్కా" అన్నాను మా తోటికోడలితో. నేను ఆగకపోయేసరికి తనే తప్పుకుంది.

పిల్ల ముందు మోకాళ్ళ మీద కూర్చుని కుంకుమ భరిణె మూత తీశాను. ధైర్యంగా పెట్టానని గొప్పలు చెప్పుకోవాలని ఉంది గానీ, చెయ్యి వణికిపోయింది. వణుకుతూనే పెట్టాను. కాస్త కుంకుమ ముక్కు మీద రాలింది. మా అమ్మాయి నవ్వింది. ఇంటిపెద్దలు కదలకపోయేసరికి అక్షింతల పళ్ళెం దగ్గరికి మా అన్నయ్యతో సహా ఒక్కరూ రాలేదు. ఫొటో తీసే అబ్బాయి కూడా కెమెరా దించేశాడు. పళ్ళెం వంక చూడకుండా నేను నా పిల్ల ముఖమే చూస్తూ కూర్చున్నాను.

"వంకరగా పెట్టావ్."

మా అత్తయ్య గొంతు. నా వెనకాల నిలబడి ఉంది. వెనక గది నుంచి పీట దాకా ఎప్పుడు నడిచొచ్చిందో నేను చూడలేదు. కొంగుతో మనవరాలి ముక్కు మీది కుంకుమ తుడిచింది.

"ఇటియ్యి" అని నా చేతిలో భరిణె లాక్కుంది. మనవరాలి గడ్డం పట్టుకుని ముఖం పైకెత్తి, నేను పెట్టిన బొట్టు మీదే మళ్ళీ తన వేలితో నిదానంగా, గుండ్రంగా దిద్దింది. దిద్దినంతసేపూ ఆవిడ పెదవులు అదురుతూనే ఉన్నాయి. తర్వాత పిడికిలి నిండా అక్షింతలు తీసి పిల్ల తల మీద వేసింది. గుంజ దగ్గరున్న పెద్దకొడుకు వైపు తిరిగింది.

"ఏందిరా అట్టా గుడ్లప్పగించి చూస్తన్నావ్?" అని కేకేసింది. "వచ్చి పిల్లకి అక్షింతలెయ్యి."