రాజోలు రేవులో పీపాలు చేసే జంట

కుంఫిణీ వారు గోదావరి కాలువలు తవ్విస్తున్న రోజుల్లో, కొబ్బరినూనె పీపాల పని మీద బందరు నుంచి కోనసీమ వెళ్లాను. పీపాలు చేయడంలో మా వైపు నా తర్వాతే ఎవరైనా అనుకునేవాణ్ణి.

పడవ రాజోలు రేవులో ఆగింది. ఒడ్డున పాకలో ఒక మేస్త్రీ పీపా బిగిస్తున్నాడు. గుండ్రంగా నిలబెట్టిన టేకు బద్దల నడుమ చిన్న మంట ఉంది. అవి వేడికి మాడిపోకుండా అతని భార్య పైనుంచి తడిగుడ్డతో తుడుస్తోంది. అతను ఇనుప పట్టీని దిగ్గొట్టడానికి సుత్తి ఎత్తాడు.

"ఆగండి, ఇంకా వంగలేదు," అంది ఆమె.

"ఆయ్," అని అతను సుత్తి దించేశాడు.

నేను తెల్లబోయాను. నేనూ పీపాలు చేసేవాణ్ణేనని, మా వైపు ఆడవాళ్లు ఈ పని దగ్గరికే రారని అతనితో అన్నాను.

అతను నవ్వాడు. "ఈ పని మా మావగారిదండీ. నేను ఇల్లరికం వచ్చేను. నాకంటే ముందు ఈవిడే నేర్చుకుంది. ఈవిడ సరేనంటేనే నాకు ధైర్యం."

"మరి మీకు మంట ఎవరు చూస్తారండీ?" అని ఆమె నన్నడిగింది.

"నేనేనమ్మా."

"అయ్యో, ఒక్కరేనా!" అంది జాలిగా.

అతని పీపా నా పీపా కంటే గొప్పదేం కాదు. అయినా అతణ్ణి చూస్తే నాకు కడుపు మండిపోయింది. పడవ కదిలాక కూడా వాళ్ల మాటలు వినబడుతుంటే చెవులు మూసుకోవాలనిపించింది.

ఇంటికి చేరిన రోజే మా ఆవిడను పని పాకలోకి పిలిచాను. ఆమె గుమ్మం దగ్గరే ఆగిపోయి, "నా వల్ల ఏమైనా తప్పు జరిగిందా?" అని అడిగింది.