ఒక్క కుర్చీ కోసం తొమ్మిది స్కూళ్లు

కెనడాలోని ఎడ్మంటన్‌లో పన్నెండో తరగతి చదివే వైదేహికి ఫిజిక్స్ అంటే ప్రాణం. స్కూల్లో ఉండగానే ఏపీ, అంటే అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ పరీక్ష రాసి మంచి స్కోరు తెచ్చుకుంటే, యూనివర్సిటీలో మొదటి ఏడాది ఫిజిక్స్ మళ్లీ చదవనక్కర్లేదు. ఆమె స్కూల్లో ఆ పాఠం చెప్పరు. అందుకని వేసవంతా లైబ్రరీ పుస్తకం ముందేసుకుని తనే నేర్చుకుంది. తిరిగే చక్రాల లెక్కల దగ్గర మూడు వారాలు ఇరుక్కుపోయింది. అడుగుదామంటే మనిషి లేడు. రాసింది చించి పారేసి, మళ్లీ రాసి, ఎలాగో గట్టెక్కింది.

చదవడం ఒక ఎత్తయితే, పరీక్ష రాయడానికి చోటు దొరకడం మరో ఎత్తు. సొంత స్కూల్లో కౌన్సెలర్ చేతులెత్తేసింది. తొమ్మిది స్కూళ్లకు ఫోన్ చేస్తే, "మా పిల్లలకే" అన్నవాళ్లు కొందరు, ఫోన్ ఎత్తనివాళ్లు కొందరు. ఒక ప్రైవేటు స్కూలు మాత్రం "చూసి చెబుతాం" అంది. వైదేహి ఆ మాట పట్టుకుని వేలాడింది. నవంబరు చివర్లో జవాబొచ్చింది: పేర్లు పంపేశాం, ఈ ఏడాదికి ఇక ఎవరినీ చేర్చుకోం.

తల్లి సూర్యకుమారి ఫార్మసీలో డ్యూటీ ముగించుకుని వచ్చేసరికి కూతురు వంటగదిలో నిలబడి ఏడుస్తోంది.

"పోనీలేవే, యూనివర్సిటీలో ఎలాగూ చెబుతారుగా."

"అమ్మా, ఐ ఆల్రెడీ నో ఇట్!"

"తెలిస్తే మరీ మంచిదేగా?"

వైదేహికి ఒళ్లు మండిపోయింది. గదిలోకి పోయి, ఆ కోపమంతా తమ స్కూలు వైస్ ప్రిన్సిపల్‌కు ఉత్తరంగా రాసింది. జవాబు లేదు. మళ్లీ రాసింది. చివరికి తిన్నగా ఆయన గది ముందే కూర్చుంది. స్కూల్లో పరీక్ష పెట్టడానికి ఏమేం కావాలో కాగితాలతో సహా చూపించింది. కాపలాకు ఒక టీచర్‌ను కూడా తనే ఒప్పించింది.

జూన్‌లో ఆయన పిలిచి, "వచ్చే ఏడాది నుంచి మన స్కూల్లోనే రాయొచ్చు," అన్నాడు సంబరంగా.

ఆ నెలాఖరుకు వైదేహి స్కూలు ముగుస్తోంది. థాంక్స్ చెప్పి బయటికొచ్చింది గానీ, బస్సులో స్నేహితులకు దూరంగా వెనక సీట్లో కూర్చుంది.

సెప్టెంబరులో యూనివర్సిటీ మొదలైంది. పెద్ద హాల్లో, తనకొచ్చిన పాఠమే అ ఆల నుంచి. మొదటి పరీక్షలో తొంభై ఏడు వచ్చాయని తల్లి కేసరి చేసింది. వైదేహికి అది నోట పెట్టబుద్ధి కాలేదు.

నవంబరులో పాత స్కూలు నుంచి, తనకన్నా ఏడాది చిన్నదైన అనన్య మెసేజ్ పెట్టింది: "అక్కా, ఫిజిక్స్ పరీక్షకు నా పేరు రిజిస్టర్ అయింది! అంతా నీవల్లే."

"నాకెందుకు చెబుతున్నావ్" అని టైప్ చేసి చెరిపేసింది వైదేహి. క్లాసు అయ్యేదాకా ఫోన్ ముట్టలేదు. తర్వాత రాసింది: "ఆదివారం మా ఇంటికి రా. ఒక్కదానివే చదవకు."

అనన్య వచ్చింది. మొదటి గంటంతా వైదేహి విసుక్కుంటూనే చెప్పింది. తిరిగే చక్రాల లెక్క దగ్గర అనన్య ఇరుక్కుపోయేసరికి, కుర్చీ దగ్గరికి జరుపుకుని పెన్ను అందుకుంది.