మా నాయన మీద తీర్మానం

మండల పరిషత్తు సభ్యురాలిగా నేను పెట్టిన తీర్మానాల్లో ఎవరూ అడ్డు చెప్పకుండా నెగ్గింది ఒక్కటే. మురుగుకాలువ పూడిక తీయాలని మూడుసార్లు పెట్టాను. మూడుసార్లూ ‘పరిశీలించవలెను’ అని రాసి పక్కన పడేశారు. బంగ్లాదేశ్ యుద్ధంలో జరిగిన ఒక పోరును స్మరిస్తూ, అందులో పోరాడిన మా నాయనను అభినందిస్తూ పెట్టింది మాత్రం చదవకముందే ఆమోదం పొందింది. పని చేయనక్కరలేని తీర్మానమంటే అందరికీ ఇష్టమే.

మాది నెల్లూరుకు తూర్పున, సముద్రం దగ్గరి ఊరు. వరి తగ్గి రొయ్యల గుంటలు పెరిగాయి. నాయన మిలిటరీలో లారీ నడిపి, సర్వీసు ముగించుకొని వచ్చి సేద్యంలో పడ్డాడు. ఊళ్లో ఆయన్ను పేరుతో పిలిచేవాళ్లు లేరు, మిలిటరీ ఆయన అంటారు. ఆ పోరు గురించి ఎవరైనా అడిగితే, “మా కంపెనీ ఆడికి పోయింది” అని తన దళం గురించి అనేవాడు. అంతకు మించి నోరు విప్పేవాడు కాదు. విప్పకపోయేసరికి గౌరవం ఇంకా పెరిగింది. నాకు ఓట్లు పడింది కూడా మిలిటరీ ఆయన కూతురిననే. నన్ను చూసి వేసినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

పార్లమెంటులో, అసెంబ్లీలో ఇలాంటి తీర్మానాలు చేస్తుంటారు కదా, మనమూ చేద్దామని అధ్యక్షుడితో నేనే అన్నాను. ఆయన శాలువా కూడా కప్పుదామన్నాడు. నాయనకు ముందుగా చెప్పలేదు. సంతోషపెడదామనుకున్నాను. సమావేశం రోజు పొద్దున ఎజెండా కాగితం చేతికిచ్చాను. కళ్లజోడు పెట్టుకొని రెండుసార్లు చదివి, మడిచి మంచం మీద పెట్టాడు.

“దీన్ని తీసేయించమ్మా,” అన్నాడు. “ఆ పోరప్పుడు నేను ఆడ లేను.”

అప్పుడు చెప్పాడు. కంపెనీ కదిలే ముందురోజు ఆయనకు గవదబిళ్లలు లేచాయి. మిలిటరీ ఆసుపత్రిలో చేర్చారు. ఆయన నడపాల్సిన లారీని వరంగల్ వైపు డ్రైవరు ఒకతను తీసుకుపోయాడు. ఆ లారీ తిరిగి రాలేదు, అతనూ రాలేదు. అతని పేరు కూడా చెప్పాడు. యాభై ఏళ్లకు పైగా ఆ పేరు మా ఇంట్లో ఒక్కసారీ వినపడలేదు. నాకు ముందు వచ్చింది జాలి కాదు, కోపం. ఇన్నాళ్లూ ఊరుకొని ఈ రోజే చెప్పాలా అనుకున్నాను.

“ఇప్పుడు తీసేస్తే ఎందుకని అడుగుతారు గదా నాయనా,” అన్నాను.

“అడిగితే చెప్పు. గవదబిళ్లలు లేచి పండుకొని ఉండినాడని చెప్పు.”

చూస్తానన్నాను. ఆయన్ను స్కూటీ మీద వెనక కూర్చోబెట్టుకొని ఆఫీసుకు పోయాను. మినిట్స్ పుస్తకం అప్పటికే రాసి ఉంది. మా దగ్గర పద్ధతి అంతే. సభ మొదలయ్యేసరికే ‘ఏకగ్రీవంగా ఆమోదించడమైనది’ అన్నచోట సిరా ఆరిపోయి ఉంటుంది. ప్రతిపాదించినవారు అన్నచోట నా పేరుంది. దీన్ని కొట్టేయండి అని గుమాస్తాతో ఒక్క మాట అంటే సరిపోయేది. ఆ సమయానికి గుమాస్తా ఖాళీగానే కూర్చొని ఉన్నాడు కూడా. నేను సంతకం పెట్టి వెళ్లి నా కుర్చీలో కూర్చున్నాను.

తీర్మానం చదివారు. శాలువా విప్పుతుండగా నాయన లేచి నిలబడ్డాడు.

“ఆ పోరులో నేను లేను. జబ్బుచేసి ఆసుపత్రిలో ఉండినాను. నా లారీలో ఇంకొకాయన పోయి చచ్చిపోయినాడు. రాసేదుంటే ఆయన పేరు రాసుకోండి,” అని ఆ పేరు రెండుసార్లు చెప్పాడు.

అధ్యక్షుడు నవ్వాడు.

“చూసినారా, ఎంత గర్వం లేని మనిషో. పేరంతా పక్కవాళ్లకే ఇచ్చేస్తా ఉండాడు,” అన్నాడు.

హాలంతా చప్పట్లు. శాలువా కప్పారు, ఫోటో తీశారు. నాయన ఆ పేరు మూడోసారి చెప్పబోయాడు గాని ఆ మోతలో వినపడలేదు. గుమాస్తా పెన్ను మూత కూడా తీయలేదు.

తిరుగు దారిలో కృష్ణపట్నం రేవుకు పోయే లారీలు వరసగా వస్తుంటే బండి పక్కకు తీసి ఆపాను. నాయన శాలువాను నాలుగు మడతలు పెట్టి చంకలో పెట్టుకున్నాడు. లారీలు పోయాక, బండి మళ్లీ కదిలాక మాట్లాడాడు. గొంతులో కోపం లేదు.

“వాళ్లంటే తెలియక చప్పట్లు కొట్టినారు. నీకు తెలుసు గదమ్మా. నువ్వూ కొట్టినావే.”

కొట్టాను. అందరూ కొడుతుంటే నేనొక్కదాన్నే చేతులు ఒళ్లో పెట్టుకొని కూర్చుంటే ఎందుకని చూస్తారని కొట్టాను. బండి వేగం కొంచెం పెంచాను.