కూర్మయ్య కాటా

ఎదురుపడిన మనిషిని "బాగున్నావా?" అని అడగడం లోకరివాజు. గజపతినగరం కూర్మయ్య మాత్రం "ఎన్ని కేజీలు?" అని అడుగుతాడు. పెళ్ళిలో అడుగుతాడు, బస్సులో పక్కన కూర్చున్నవాణ్ణి అడుగుతాడు. కరెంటు మీటరు చూడ్డానికొచ్చిన అమ్మాయిని అడిగితే ఆ పిల్ల మీటరు చూడకుండానే వెళ్ళిపోయింది. ఒకసారి చావింట్లో పాడె ఎత్తబోతున్నవాళ్ళను ఆపి, "తొంబై రెండుంటాడు. నలుగురు సాలరు" అన్నాడు. అందరూ ఛీ అన్నారు. అన్నవాళ్ళలోనే ఇద్దరు వెళ్ళి భుజం కలిపారు.

అతని వృత్తి అలాంటిది మరి. పాత ట్రాక్టర్ల సీటు కింది స్ప్రింగులు, కుదుపు ఆపే షాకులు బాగుచేస్తాడు. "సీటు మడిసి కింద సగం దిగాల, సగం మిగలాల. బరువు తెలీకుండా స్ప్రింగు బిగిస్తే, పాదం సూడకుండా సెప్పు కుట్టినట్టే" అంటాడు. అందుకని మూతపడ్డ రైసుమిల్లు నుంచి బస్తాలు తూచే కాటా ఒకటి తెచ్చి షెడ్డు వాకిట్లో పెట్టాడు. డ్రైవరు కాటా ఎక్కితేనే అతను పానా పడతాడు. పనయ్యాక సీటు అడుగున ఆ బరువు ఎర్రరంగుతో రాస్తాడు. తన బరువు మాత్రం ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

అతని పేరు చెబితేనే మండిపడేది ట్రాక్టరు తోలే అప్పలసూరి భార్య నారాయణమ్మ. మరిది పెళ్ళి బంతిలో ఆమె రెండో గారె వేయించుకుంటూంటే, ఎదుటి వరసలోంచి "సెల్లీ, డెబ్బయ్యొకటి దాటినావు!" అని కేకేశాడు మహానుభావుడు. ఆమె గారె విస్తట్లో వదిలేసి లేచింది. అది మొదలు ఏడాదిపాటు షెడ్డు ముందునుంచి నడవకుండా, చుట్టు తిరిగి సంతకు వెళ్ళింది.

ఈ ఏడు వానలు పడి, నాట్లకు మడుల్లో దమ్ములు మొదలైన వారానికి అప్పలసూరి తన పాత ట్రాక్టరు తోలుకుని షెడ్డుకొచ్చాడు. నలుగురు రైతులకు మాటిచ్చి ఉన్నాడు, నారు ముదిరిపోతోంది.

"బావా, సీటు రాయైపోనాది. గట్టెక్కితే నడుం ఇరిగిపోతంది. స్ప్రింగు మార్సీ."

"కాటా ఎక్కు."

"రెండేళ్ళ కిందటే తూసినావు కదేటి!"

"ఎక్కు బావా."

ఎక్కాడు. కూర్మయ్య కాటా గుండు వెనక్కి జరిపాడు, ఇంకా వెనక్కి జరిపాడు. అంకె పైకి చెప్పలేదు. అంకె చెప్పని కూర్మయ్యను అప్పలసూరి ఎన్నడూ చూడలేదు.

"బెల్టుకి కొత్త కన్నాలెన్ని?"

"రెండు. ఎండలకి ఒళ్ళు తగ్గినాది."

"దాహం ఎక్కువేస్తందేటి?"

"ఏస్తాది. సీటుకీ దానికీ ఏటి సమ్మందం?"

కూర్మయ్య సీటు ఊడదీసి తిరగేశాడు. అడుగున ఎర్రగా డెబ్బై నాలుగు. "ఇప్పుడు అరవై రెండున్నావు. స్ప్రింగుకేటీ అవనేదు బావా. అది దిగాలంటే పైన మడుసుండాల."

"అయితే ఒదులు సెయ్యి!"

"సెయ్యను. డాక్టరు కాయితం తే." సీటు లోపల పెట్టి తాళం వేసేశాడు.

అప్పలసూరి తిట్టని తిట్టు లేదు. పట్టుదలకుపోయి, గోనెలో గడ్డి కుక్కి దాన్నే సీటు చేసుకుని ఒక మడి దున్నాడు. సాయంత్రం టీ నిలబడి తాగాడు. అది చూసి నారాయణమ్మ కొంగు బిగించి, ఏడాది తర్వాత షెడ్డు మెట్టెక్కింది.

"మా సీటు దాసీడానికి నువ్వెవులు?"

"తిట్టు సెల్లీ, పడతాను" అన్నాడు కూర్మయ్య తలొంచుకుని. "ముందు బావని ఆస్పత్రికి తీసుకెల్లు. మా అన్నా ట్రాక్టరు డ్రైవరే. ఇలాగే బెల్టుకి కన్నాలెట్టుకుంటూ సచ్చిపోనాడు. సీటు గట్టిగున్నాదంటే నేను మూడుసార్లు స్ప్రింగు ఒదులు సేసినాను. ఎన్ని కేజీలని ఒక్కసారీ అడగనేదు."

నారాయణమ్మ బిగించిన కొంగు వదిలేసింది. మర్నాడే మొగుణ్ణి ఆస్పత్రికి తీసుకెళ్ళింది. షుగరు నాలుగొందల పైన ఉంది. ఇంకో నెల ఆగితే మనిషి దక్కడం కష్టమయ్యేదని డాక్టరు అంటుంటే, ఆమె అప్పలసూరి చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆమెకు నిజంగా భయమేసింది.

అప్పలసూరి ఆస్పత్రిలో ఉన్న నాలుగురోజులూ ఆ నలుగురు రైతుల మడులకూ దమ్ము పట్టింది కూర్మయ్యే. డెబ్బై నాలుగుకి బిగించిన సీటు ఆ బక్కప్రాణం కింద అంగుళం కూడా దిగలేదు. ప్రతి గట్టు దగ్గరా గాల్లోకి లేచి పడ్డాడట.

డాక్టరు కాయితం పట్టుకుని ఆలుమగలు షెడ్డుకొచ్చేసరికి కూర్మయ్య నడుముకి తువ్వాలు కట్టుకుని, స్ప్రింగు అరవై రెండుకి వదులుచేస్తున్నాడు. సీటు తిరగేసి, ఎర్ర అంకె పక్కన సుద్దముక్కతో అరవై రెండని రాశాడు.

"రంగైపోనాదేటి బావా?" అన్నాడు అప్పలసూరి.

"ఉన్నాది. ఇది సెరిగిపోవాల కదా."

అప్పలసూరి సీటుకేసే చూస్తూ కళ్ళు తుడుచుకున్నాడు. ఇంతలో వెనకాల కాటా కిర్రుమంది. నారాయణమ్మ ఎక్కి నిలబడింది.

"తూసీ అన్నా" అంది. "గట్టిగానే సెప్పు."

కూర్మయ్య గుండు జరిపాడు. వీధికేసి చూశాడు, బావకేసి చూశాడు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి గొంతు తగ్గించి ఆమెకొక్కదానికే వినపడేలా చెప్పాడు.

"అబద్ధం!" అని అరిచింది నారాయణమ్మ.