వేపమొద్దులో మేకులు

మా వడ్రంగి మేస్త్రి పోయారు. పోయిన నెలలో ఒక పొద్దున ఆయన కోడలు ఫోన్ చేసి "మామ పోయిండమ్మా" అంది. ఏడుపు ఆగలేదు. ఏడుస్తూనే, పైలోకంలో తలుపులకు ఈపాటికి వంక పెట్టే ఉంటారనుకున్నాను.

కర్మన్‌ఘాట్‌లో మా పాత ఇంటి తలుపులు చేసింది ఆయనే. రెండేళ్ల కిందట ఆ ఇంటిని అపార్ట్‌మెంట్ కట్టడానికి బిల్డర్‌కి ఇచ్చాం. పెరట్లో వేపచెట్టు కొట్టక తప్పలేదు. మొద్దును ఇటుక బట్టీకి పంపేస్తానన్నాడు బిల్డర్. నా ప్రాణం ఉసూరుమంది. మేస్త్రికి కబురు చేశాను.

ఆయన వచ్చి మొద్దు మీద చెయ్యి వేసి, "గింత మంచి కట్టెను కాలవెడ్తరా? పలకలు కోపిద్దాం" అన్నారు. కానీ ఎల్బీ నగర్ దగ్గర సామిల్లు ఓనర్ ససేమిరా అన్నాడు. "ఇండ్లల్ల చెట్లు వద్దు తాతా. అన్నీ మొలలే. నా రంపం పళ్లు పోతయ్." నిజమే మరి. బట్టల తీగకూ, కేబుల్ వైరుకూ, టులెట్ బోర్డుకూ ఆ చెట్టుకు మేం కొట్టని మేకు లేదు.

మేస్త్రి పాత స్పీకర్లోంచి తీసిన అయస్కాంతాన్ని గుడ్డలో కట్టి, మూడు రోజులు మొద్దంతా తడిమారు. అది అంటుకున్న చోటల్లా ఉలితో తవ్వి మేకు లాగడం, కొట్టినవాణ్ణి తిట్టడం. నేను స్టూలేసుకుని చూస్తూ కూర్చునేదాన్ని. మొద్దు మీద చాయ్ గ్లాసు పెట్టనిచ్చేవారు కాదు, మరక పడుతుందట. "మరీ లోపలికి పోయినవి ఎలా తెలుస్తాయి మేస్త్రిగారూ?" అని అడిగాను.

"కట్టెనే చెప్తదమ్మా. జర ఓపిక పట్టు."

చివరికి మేస్త్రి పూచీ మీద ఒక్కసారి కోస్తానన్నాడు ఓనర్. "రంపం ఇరిగితే మల్ల ఇంటి చెట్టు పేరెత్తొద్దు" అని షరతు పెట్టాడు. నాలుగు పలకలు తెగాయి. ఐదోదానికి ముందు మేస్త్రి "ఆపు!" అని అరిచారు. అప్పుడే తెగిన చోట నల్లగా, నీలంగా ఒక చార. లోపల ఇనుముంటే కట్టె అలా రంగు మారుతుందట. అక్కడ తవ్వితే అంగుళం లోతున వంపు తిరిగిన పెద్ద మేకు.

"ఎవడు కొట్టిండో" అన్నాడు ఓనర్.

మేస్త్రి దాన్ని తిప్పి తిప్పి చూసి తల గోక్కున్నారు. "నేనే. ఈ అమ్మోళ్ల తలుపులు చేసేటప్పుడు సంచి తగిలించుకోనీకి కొట్టిన."

మూడు రోజుల తిట్లూ ఆయనకే తగిలాయని అందరం పడీపడీ నవ్వాం.

ఇప్పుడు మా ఐదు ఫ్లాట్ల గడపలూ ఆ వేపవే. ఆయన పట్టు పట్టకపోతే నా చెట్టు బూడిదయ్యేది. ఆ మాట ఆయనతో ఒక్కసారైనా అనలేదు. ఆ బాధ నాకుంది.

పదో రోజు హయత్‌నగర్‌లో వాళ్లింటికి వెళ్లి వస్తూ సామిల్లు దగ్గర ఆటో ఆపించాను. గేటు ముందు ఎవరిదో నేరేడు మొద్దు దించి ఉంది. దిల్‌సుఖ్‌నగర్‌లో పాత ఇల్లు పడగొడుతుంటే వచ్చిందట.

"మేకులుంటాయేమో?" అన్నాను.

"ఉంటయ్ అమ్మా. సూడాలె" అన్నాడు ఓనర్. చెప్పులు విడిచి మొద్దు పక్కన గొంతుకూర్చున్నాడు. బిడ్డకు జ్వరం చూసినట్టు బెరడు మీద అరచెయ్యి ఆనించి, మెల్లగా జరుపుతూ పోయాడు.