క్యారవాన్ బ్యాటరీకి పెట్టిన బొట్టు

2022 వానాకాలం. అమీర్‌పేట నుంచి పంజాగుట్ట వెళ్ళే మెయిన్ రోడ్డు వెనక, ఒక సందులో నా ఆటో ఎలక్ట్రికల్ షాపు. పేరు వినగానే చాలామంది నేను మూడు చక్రాల ఆటోలు బాగుచేస్తాననుకుంటారు. కాదు. ఏ బండయినా సరే, అందులో కరెంటు పారే పని మాది. సెల్ఫ్ తీసుకోని కార్లు, హారన్ ఆగని లారీలు, కోచింగ్‌కు ఆలస్యమవుతుంటే స్టార్ట్ కానని మొండికేసే బైకులు, ఇవీ నా రోజువారీ గిరాకీలు. ఇల్లు మొత్తం మోసుకు తిరిగే బండి మా సందులోకి రావడం అదే మొదలు.

అది పాత మినీబస్సు. ఒకప్పుడు సినిమా షూటింగుల్లో నటులు విశ్రాంతి తీసుకునే క్యారవాన్. మంచం, చిన్న వంటగట్టు, బాత్రూమ్ అన్నీ లోపలే. మధురానగర్‌లో ఉండే రామ్మూర్తి గారు దాన్ని సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు. బ్యాంకులో రిటైరైన మనిషి, సొంతూరు కాకినాడ. మా సందు మలుపులో ఆ బండి తిప్పడానికి ఆయన పడ్డ తిప్పలు చూసి టీకొట్టు దగ్గర జనమంతా డ్రైవింగ్ మాస్టర్లయిపోయారు. "జర వెనక్కి సార్, లెఫ్టుకు కొట్టున్రి, ఇంకా కొట్టున్రి" అని తలా ఒక మాట.

ఆయన చెమటలు తుడుచుకుంటూ దిగి, "యాదగిరి గారంటే మీరేనా అండీ?" అని అడిగారు.

"నేనే సార్. గారు గీరు ఎందుకు గని, బండికి ఏమైందో చెప్పున్రి."

"ఇన్వర్టర్ ఊరికే కూస్తోందండీ. కాసేపు కూసి ఆగిపోతోంది. బ్యాటరీ రెండుసార్లు మార్పించాను. చూసినవాళ్ళంతా బ్యాటరీ బాగానే ఉందంటారు. మరి ఎందుకు ఆగుతోందో ఒక్కరూ చెప్పరు."

ఇలాంటి బండిలో ఇంజిన్ స్టార్ట్ చేయడానికి ఒక బ్యాటరీ, లోపలి ఇంటికి ఇంకో బ్యాటరీ ఉంటాయి. ఇంటి బ్యాటరీ కరెంటును మనం ఇళ్ళలో వాడే కరెంటుగా మార్చేది ఇన్వర్టర్. ఇంజిన్‌తో పాటు తిరుగుతూ కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్ రెండు బ్యాటరీలనూ నింపుతుంది. సరే, ఫ్యాను, లైట్లే కదా, ఆగితే ఆగాయి అనుకున్నాను.

లోపలికి వెళ్ళాక మంచం మీద ఆయన భార్య సుభద్రమ్మ గారు కనిపించారు. ముక్కుకు సన్నటి గొట్టం, పక్కన ఆక్సిజన్ మిషన్. కరోనా తగ్గినా ఆవిడ ఊపిరితిత్తులు కోలుకోలేదట. గాలిలోంచి ఆక్సిజన్ తీసి ఇచ్చే ఆ మిషన్‌కు కరెంటు ఆగకూడదు. కాకినాడలో ఆవిడ చెల్లెలు వరలక్ష్మి గారు తుంటి ఎముక విరిగి మంచం పట్టారు. ఆమె ఇక్కడికి రాలేరు. రైలెక్కి ఈవిడ అక్కడికి వెళ్ళలేరు. అక్కాచెల్లెళ్ళు ఒకరినొకరు కరోనాకు ముందు చూసుకున్నదే. అందుకే ఈ బండి. దారిలో కరెంటు ఆగదనే గ్యారంటీ ఉంటేనే కదలమన్నారట డాక్టరు. చిన్న సిలిండర్ ఒకటి పెట్టుకున్నారు గానీ, అది కాకినాడ దాకా వచ్చేది కాదు.

"ఆ గ్యారంటీ డాక్టరు గారివ్వరట, మీరే ఇవ్వాలట బాబూ" అని నవ్వారావిడ. నవ్వితే ఆయాసం వచ్చింది. నాకు మాత్రం నవ్వు రాలేదు.

ముందు ఫ్యాన్ బెల్ట్ చూశాను. ఇంజిన్ నుంచి ఆల్టర్నేటర్‌ను తిప్పే రబ్బరు పట్టీ అది. పాతబడి, నున్నగా మెరుస్తూ జారుతోంది. బెల్ట్ జారితే ఛార్జింగ్ సరిగా జరగదు. దొంగ దొరికాడనుకుని కొత్తది వేసి బిగించాను. ఇంటి బ్యాటరీ మెట్టు కింది అరలో ఉంది. పసుపు పూసి, కుంకుమ బొట్లు పెట్టి, పండగనాటి గడపలా కళకళలాడుతోంది. మీటర్ పెడితే నిండుగానే చూపించింది. అర మూసేశాను.

"సార్, ఒక రౌండ్ కొట్టొద్దాం" అన్నాను. ఆయన నడుపుతున్నారు. ఆవిడ మిషన్ ఆడుతోంది. నేను ఇన్వర్టర్ పక్కన కూర్చున్నాను. అమీర్‌పేట దాటేదాకా ఏ గొడవా లేదు. లోలోపల మురిసిపోతున్నాను. పంజాగుట్ట సిగ్నల్ దగ్గర వాన, ట్రాఫిక్. బండి ఆగింది. ఇన్వర్టర్ కూత మొదలుపెట్టింది. కూసి కూసి ఆగిపోయింది. దాంతోపాటే మిషనూ ఆగిపోయింది.

రామ్మూర్తి గారు స్టీరింగ్ వదిలి లేవబోయారు. వెనక హారన్లు. నేను సిలిండర్ అందుకున్నాను గానీ గొట్టం దానికి ఎటు తగిలించాలో తెలియలేదు. ఆవిడే నా చేతిలోంచి తీసుకుని మార్చుకున్నారు. "కంగారు పడకండి, నాకు అలవాటే" అన్నారు. అలవాటు చేసుకోవలసిన విషయమా అది!

సందులోకి తిరిగొచ్చాక ఆవిడ నన్ను పిలిచారు. "ఒక మాట చెప్పనా బాబూ? దీనికి సంబంధం ఉందో లేదో తెలీదు."

"చెప్పున్రి అమ్మా."

"ప్రతి శుక్రవారం ఆ బ్యాటరీకి బొట్టు పెడతాను. నా ఊపిరి దాంట్లోనే ఉంది కదా. ఈ బండిలో మిషన్ ఆడుతున్నప్పుడు పెడితే ఒకవైపు బుడిపె వేలికి వేడిగా తగులుతుంది. రెండోది చల్లగానే ఉంటుంది. అది అంతేనేమో అనుకున్నాను."

వెంటనే ఆ అర తెరిచాను. ఆవిడ బుడిపె అన్నది టెర్మినల్. బ్యాటరీ మీద వైరు తగిలించే చోటు. అది వేడెక్కుతోందంటే అక్కడ కరెంటుకు దారి ఇరుకైందన్నమాట. ఆవిడను సిలిండర్ మీదే ఉంచి, మిషన్‌ను కాసేపు ఊరికే ఆడించి, వోల్టేజ్ డ్రాప్ టెస్ట్ చేశాను. మీటర్ వైరు ఒకటి టెర్మినల్ మీద, రెండోది దాన్ని పట్టుకున్న క్లాంప్ మీద పెట్టి చూడటమే. తేడా దాదాపు సున్నా ఉండాలి. బాగా ఎక్కువ చూపించింది. మిషన్ ఆడకుండా కొలిస్తే ఆ తేడా ఎప్పటికీ కనపడదు. బండి పరుగెత్తినంతసేపు భారమంతా ఆల్టర్నేటర్ మోస్తోంది. సిగ్నల్ దగ్గర ఇంజిన్ నెమ్మదించగానే బ్యాటరీ మీద పడుతోంది. అక్కడ దారి మూసుకుపోయింది.

అన్నీ ఆపి క్లాంప్ విప్పాను. టెర్మినల్ చుట్టూ పసుపు పెచ్చులు కట్టి ఉంది.

"కొత్త బ్యాటరీకి పూజ ఎప్పుడు చేసిన్రు అమ్మా? వైరు బిగించకముందేనా?"

"ముందే కదా. తడి పసుపు దట్టంగా రాసి, బొట్టు పెట్టి, ఆ తర్వాతే బిగించమన్నాం."

రెండుసార్లు కొత్త బ్యాటరీ వచ్చింది, రెండుసార్లూ పసుపు పూశారు. బిగించినవాళ్ళకు తెలియక కాదు. ముత్తైదువ చేత్తో పెట్టిన పసుపు కుంకుమ, అదీ ఆమె ఊపిరిని మోసే వస్తువు మీద. ఎవరు తుడుస్తారు?

నేనూ తుడవలేకపోయాను. గరుకు కాగితం చేతిలో పట్టుకుని అలాగే నిలబడ్డాను. రామ్మూర్తి గారు మొహం అటు తిప్పుకున్నారు.

"ఏంటి బాబూ, ఆగిపోయారు?"

"చేతులొస్తలేవమ్మా. మీ పసుపు కుంకుమ గది. నేనెట్ల తుడుస్త?"

ఆవిడ నన్నొకసారి, భర్తనొకసారి చూశారు. సిలిండర్ పట్టుకుని మెల్లగా వచ్చి మెట్టు మీద కూర్చుని చేయి చాచారు. "ఇలా ఇవ్వండి. పెట్టిన చెయ్యే తీస్తుంది. అమ్మవారేమీ అనుకోదు. నేను మా చెల్లిని చూడాలి."

రుద్దారు. ఆయాసం వస్తే ఆగి, మళ్ళీ రుద్దారు. పసుపంతా పోయి సీసం మెరిసింది. క్లాంప్ లోపలి వైపు నేను శుభ్రం చేసి బిగించాను. తడి తగలకుండా పైన వాజిలిన్ పూశాను. మీటర్ పెడితే ఈసారి తేడా లేదు.

"మరి బొట్టు ఎక్కడ పెట్టుకోను?" అని అడిగారావిడ.

బ్యాటరీ ప్లాస్టిక్ మూత చూపించాను. "గీడ పెట్టున్రి అమ్మా. మస్తు జాగ ఉంది. ఎంత పెద్ద బొట్టయినా ఏం ఫికర్ లేదు."

మర్నాడు కావాలనే ట్రాఫిక్ వేళ చూసుకుని మళ్ళీ పంజాగుట్ట వెళ్ళాం. సిగ్నల్ ఎప్పుడు పడుతుందా అని ఎదురుచూసిన మనిషి ఈ ఊళ్ళో నేనొక్కణ్ణే అయి ఉంటాను. ఎర్ర లైటు పడింది. ఇంజిన్ నెమ్మదించింది. మిషన్ ఆడుతూనే ఉంది. రామ్మూర్తి గారు పచ్చ లైటు పడినా కదలకుండా అద్దంలో భార్యనే చూస్తున్నారు. వెనకవాళ్ళు తిట్టాక గానీ గేరు వేయలేదు.

వాళ్ళు బయల్దేరిన రోజు సాయంత్రం నాకో ఫోన్ వచ్చింది. తెలియని గొంతు. "నేను వరలక్ష్మినండీ, కాకినాడ నుంచి. మా అక్క వచ్చిందండీ. నా మంచం పక్కనే కూర్చుంది" అన్నారు. ఆపైన ఏడుపే. నేనూ షాపులో గిరాకీ ఎదుటే ఏడ్చేశాను.

ఇన్నేళ్ళ పనిలో మీటర్లు నాకు చాలా చెప్పాయి. ఆ బండి విషయం మాత్రం ఒక అమ్మ వేలి కొస చెప్పింది. అప్పటినుంచి ఏ బండి వచ్చినా, పనిముట్లు తీయకముందే, మీకు తెలిసింది చిన్నదయినా సరే చెప్పమని అడుగుతున్నాను. కొత్త బ్యాటరీకి పూజ చేస్తే, బిగించేముందు పొడిగుడ్డ గిరాకీ చేతికే ఇచ్చి, టెర్మినల్స్ మీరే తుడవండి అంటాను. ఎందుకని అడిగినవాళ్ళకు సుభద్రమ్మ గారి సంగతి చెబుతాను. విన్నాక కాదన్నవాళ్ళు ఇప్పటిదాకా ఒక్కరూ లేరు. వాళ్ళు తుడుస్తుంటే నేను పక్కన నిలబడి, మనసులో ఆ తల్లికి దండం పెట్టుకుంటాను.